మిగిలిన ఆరొందల యాభై వాట్లు

మా అక్క ముక్కుకి గొట్టం పెట్టిన రోజు నుంచీ నాకు ఫ్యాను ఆగితే భయం. నేనుండేది బందర్లో, అక్క ఉండేది అవనిగడ్డలో. మా ఇంట్లో కరెంటు పోతే అక్కడా పోవాలని రూలేం లేదు. అయినా ఇక్కడ ఫ్యాను రెక్కలు నెమ్మదించగానే నా చెయ్యి ఫోను మీదికి పోతుంది. "బావగారూ, అక్కడ కరెంటుందా?" అని అడుగుతాను. "ఉందమ్మా, ఉంది. నువ్వు కాస్త కుదురుగా కూర్చో," అంటారాయన. కుదురన్నది నాకు పుట్టుకతోనే లేదు. ముప్పై ఏళ్ళు హైస్కూళ్ళలో ఫిజిక్స్ చెప్పాను, ఏ క్లాసులోనూ కుర్చీలో కూర్చున్న పాపాన పోలేదు.

అక్కకి ఊపిరితిత్తులు గట్టిపడ్డాయన్నారు డాక్టరు. ఇంట్లోనే పెట్టుకునే ఆక్సిజన్ మెషీను రాశారు. చిన్న సూట్‌కేసంత ఉంటుంది, చుట్టూ ఉన్న గాల్లోంచి ఆక్సిజన్ వేరుచేసి గొట్టంలోకి పంపుతుంది. ముందు భాగంలో ఒక నాబ్, దాని పక్కన గాజు గొట్టంలో పైకీ కిందికీ కదిలే చిన్న బంతి. బంతి రెండు అంకె మీద నిలబడాలి, అంటే నిమిషానికి రెండు లీటర్లు. పగలైనా రాత్రైనా అంతే. మెషీను ఆగితే పది నిమిషాలు ఓర్చుకోగలదు. ఆపైన అక్క మాట్లాడటం మానేస్తుంది. మా అక్క మాట్లాడటం మానేసిందంటే ఇక చెప్పేదేముంది.

మెషీను కరెంటు మీద నడుస్తుంది. కరెంటు పోతే ఎలా అన్న ప్రశ్న మొదటి రోజే వచ్చింది. సిలిండరు తెచ్చి పెట్టుకుందామన్నాను. బావగారు ససేమిరా అన్నారు. వంటింట్లో గ్యాస్ బండ ఒకటి, పడగ్గదిలో ఇంకో బండ, రెండూ కలిసి పేలితే ఇల్లు లేచిపోతుందట. ఆక్సిజన్ దానంతటది మండదు బావగారూ, పక్కన నిప్పు లేకుండా చూసుకుంటే చాలు అని నెత్తీనోరూ కొట్టుకుని చెప్పాను. ఆయన విన్నారు, తలూపారు, వద్దన్నారు. దాంతో ఇన్వర్టరు కొనాలని తేలింది.

ఇన్వర్టరంటే గుడివాడే వెళ్దామన్నాను. అక్కడ పదేళ్ళు పనిచేశాను, నా దగ్గర చదివిన కుర్రాడొకడు బ్యాటరీల షాపు పెట్టాడని విన్నాను. బావగారూ నేనూ ఎండన పడి వెళ్ళాం. నన్ను చూడగానే గల్లాపెట్టె వదిలేసి వచ్చి కాళ్ళకి దణ్ణం పెట్టాడు. ఇప్పుడు కుర్రాడేం కాదు, బట్టతల వచ్చేసింది. కొబ్బరినీళ్ళు తెప్పించాడు. షాపులో ఉన్న నలుగురినీ పిలిచి, "మా ఫిజిక్స్ టీచర్ గారు. టెన్త్‌లో నాకు వచ్చిన మార్కులన్నీ ఈవిడ పెట్టిన భిక్షే," అన్నాడు. అంతటితో ఆగితే బావుండేది. చేతులు కట్టుకుని, "పని చేయగల సామర్థ్యాన్ని శక్తి అంటారు. చూశారా టీచర్ గారూ, ఇప్పటికీ మర్చిపోలేదు," అన్నాడు. నా కళ్ళు చెమ్మగిల్లాయి. సిగ్గు లేకుండా చెప్తున్నాను, ఆ కొబ్బరినీళ్ళూ ఆ ఒక్క వాక్యం కలిసి నా బుర్రని అక్కడికక్కడే మూసేశాయి.

"మెషీను ఎన్ని వాట్లండీ?" అనడిగాడు.

"మూడొందల యాభై," అన్నాను.

"ఇది వెయ్యి వాట్ల ఇన్వర్టరండి. వెయ్యిలో మూడొందల యాభై ఎంతండీ? ఇంకా ఆరొందల యాభై మిగుల్తుంది. ఫ్యానేసుకోండి, టీవీ పెట్టుకోండి, ఢోకా లేదు."

మిగుల్తుంది అన్నాడు. ఆ మాట నా చెవిన పడింది. పడి, అటునుంచటే పోయింది. వెయ్యి వాట్లంటే ఒక్కసారిగా ఎంత బరువు లాగగలదో చెప్పే లెక్క. ఎంతసేపు లాగగలదో అందులో లేదు, అది బ్యాటరీని అడగాలి. తొమ్మిదో తరగతి పాఠమే ఇది. నేను అడగలేదు. నా శిష్యుణ్ణి పదిమందిలో తప్పుపట్టడం ఇష్టం లేక కాదు, అసలు తట్టనే లేదు. బావగారు మాత్రం ఆ ఆరొందల యాభైని భద్రంగా గుర్తుపెట్టుకున్నారు. బస్సులో వస్తూ రెండుసార్లన్నారు, "మంచి బేరమమ్మా, సగానికి పైగా మిగులే."

ఎండాకాలంలో అరగంటా గంటా కరెంటు పోయినప్పుడల్లా ఇన్వర్టరు నిక్షేపంగా నడిచింది. నేను కూడా కాస్త నెమ్మదించాను. ఆ తర్వాత కార్తీకంలో తుఫాను వార్త వచ్చింది. సాయంత్రానికి దివిసీమ దగ్గర తీరం దాటుతుందన్నారు. మైకులో చెప్పుకుంటూ ఆటో మా వీధిలోంచి వెళ్ళింది. నేను బియ్యం కడుగుతున్నదాన్నల్లా ఆగిపోయాను. తుఫానంటే గంటా అరగంటా కాదు. స్తంభాలు పడిపోతే రెండు రోజులు, మూడు రోజులు. మరి మన బ్యాటరీ ఎంతసేపు వస్తుంది?

అప్పుడు చేశాను లెక్క. క్యాలెండరు చించి దాని వెనక వేశాను. బ్యాటరీ మీద రాసున్న అంకెని పన్నెండు వోల్టులతో గుణించి, నష్టాలు తీసేసి, మూడొందల యాభైతో భాగించాను. నాలుగు గంటలు వచ్చింది. తప్పేమోనని మళ్ళీ వేశాను. మళ్ళీ నాలుగే. ఆరు నెలలుగా ఆ నాలుగు గంటల్ని నమ్ముకుని మేమంతా నిశ్చింతగా నిద్రపోతున్నామన్నమాట.

బావగారికి ఫోను చేశాను, కలవలేదు. పది గంటల బస్సెక్కాను. చల్లపల్లి దాకా సీటు దొరకలేదు, దొరికినా కూర్చునేదాన్ని కాదు. బస్సంతా తుఫాను మాటలే. రొయ్యల చెరువులవాళ్ళు డీజిల్ కోసం పరుగులు పెడుతున్నారు. వాళ్ళకి నాలా లెక్క చెప్పే దిక్కు అక్కర్లేదు, ఇంజను గంటకి ఎన్ని లీటర్లు తాగుతుందో చెరువు గట్టు మీదే తెలుసుకున్నారు. నా పక్కన నిలబడ్డ పెద్దమనిషి మాత్రం మహా ధీమాగా ఉన్నాడు. "నాకేం భయమండీ, మా డాబా మీద సోలార్ పెట్టించా. ఊరంతా చీకటైనా మా ఇల్లు వెలుగుతుంది," అన్నాడు.

నోరు మూసుకుని ఉండాల్సింది. "బ్యాటరీ ఉందా మీకు?" అన్నాను.

"బ్యాటరీ ఎందుకండీ? లైనుకి కలిపిందేగా."

"లైనుకి కలిపినదైతే లైను పోగానే మీదీ ఆగిపోతుందండి."

"సూర్యుడితో నడిచేదానికి లైనుతో ఏం పనండీ?" అన్నాడు. బస్సులో నలుగురు నవ్వారు. మంచి ప్రశ్నే, కోపంలో నాకు అది మంచి ప్రశ్నని తోచలేదు. స్తంభమెక్కి లైన్‌మన్ పనిచేస్తుంటాడు, మీ డాబా మీంచి ఎదురొచ్చిన కరెంటు అతని ప్రాణం తియ్యకూడదని అది ఆగిపోయేలా చేస్తారు, అని గట్టిగా, చాలా గట్టిగా చెప్పాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "మీరు టీచరా అండీ?" అన్నాడు.

"అవును. అయితే ఏంటి?"

"ఏం లేదండి. తిడుతున్నారుగా, అందుకని అడిగా."

ఈసారి బస్సంతా నవ్వింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన మీద కాదు. గుడివాడలో ఒకమ్మాయి గుర్తొచ్చింది, రెండు జడల పిల్ల. పుస్తకంలో ఒక పేజీలో పని చేయగల సామర్థ్యమే శక్తి అని ఉంటుంది. పేజీ తిప్పితే పని జరిగే రేటే సామర్థ్యం అని ఉంటుంది. ఆ పిల్ల లేచి, "టీచర్, అయితే శక్తి కూడా రేటేనా?" అనడిగింది. అడగాల్సిన ప్రశ్నే. రెండు వేర్వేరు సంగతులకి ఒకే మాట వాడేస్తున్నాం, చూసుకోండి అని ఆ రోజు బోర్డు మీద రాసి ఉంటే సరిపోయేది. నేనేమన్నానో తెలుసా? "పరీక్షలో అలా రాయకు, మార్కులు పోతాయి," అన్నాను. పిల్ల కూర్చుంది. షాపువాడూ ఆ క్లాసువాడే.

అవనిగడ్డలో దిగేసరికి పన్నెండు కావస్తోంది. గాలి పెద్దగా లేదు కానీ కరెంటు ఎప్పుడో పదిన్నరకే పోయింది. ఇంటి గుమ్మంలోకి రాకముందే టీవీ వినపడింది. లోపల ఫ్యాను గిర్రున తిరుగుతోంది, టీవీలో తుఫాను బొమ్మ సుడులు తిరుగుతోంది, మంచం పక్కన మెషీను గుర్రుమంటోంది. బావగారు పడక్కుర్చీలో వెనక్కి వాలి ఉన్నారు. అక్క మంచం మీద దిళ్ళకి ఆనుకుని, నన్ను చూసి చెయ్యి ఊపింది.

చెప్పులైనా విప్పకుండా వెళ్ళి టీవీ కట్టేశాను, ఫ్యాను కట్టేశాను.

"అయ్యో, అదేంటమ్మా! ఎక్కడిదాకా వచ్చిందో చూస్తున్నా," అన్నారు బావగారు.

"బ్యాటరీ అయిపోతుంది బావగారూ!"

"ఎందుకయిపోద్దీ? మెషీనుకి మూడొందల యాభై పోగా ఇంకా ఆరొందల యాభై ఉందిగా. టీవీకి వందైనా అవ్వదు."

"లేదు! మీ ఆరొందల యాభై ఎక్కడా లేదు. ఎప్పుడూ లేదు!"

ఆయన మొహం చిన్నబోయింది. మా బావగారితో నేనెప్పుడూ అంత గొంతు పెంచలేదు. "అలా అరవకే ఆయన మీద," అంది అక్క, ఒక్కో మాటకీ ఊపిరి తీసుకుంటూ. నాకు ఏడుపొచ్చింది. ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చున్నాను. వాట్లంటే ఇది, యూనిట్లంటే ఇది అని మొదలుపెట్టాను. శక్తి, సామర్థ్యం, రేటు. నా నోట్లోంచి వస్తున్న మాటలు నాకే చప్పగా వినిపిస్తున్నాయి. ఆయన తలూపుతున్నారు, సిలిండరప్పుడు ఊపినట్టే.

ఉన్నట్టుండి తల ఊపడం ఆపేశారు. "ఆగమ్మా. వాట్లంటే క్యూసెక్కులా?"

బావగారు కాలవల ఆఫీసులో గుమాస్తాగా రిటైరయ్యారు. ఏ కాలవకి సెకనుకి ఎంత నీరు పారుతోందో అది క్యూసెక్కుల్లో, బ్యారేజీలో ఎంత నిలవుందో అది టీఎంసీల్లో, ఉద్యోగమంతా ఆ రెండే రాశారు. ఆ మాటకొస్తే ఈ డెల్టాలో పేపరు చదివే ప్రతి రైతుకీ అవి తెలుసు. నాట్లప్పుడు పొద్దున్నే టీ కొట్టు దగ్గర మాట్లాడుకునేదే అది.

"క్యూసెక్కులే," అన్నాను, నోరు తెరుచుకుని.

"అయితే ఆ గుడివాడ కుర్రాడు కాలవ ఎంత వెడల్పో చెప్పాడు గానీ, పైన నీళ్ళెన్నున్నాయో చెప్పలా."

"అంతే బావగారూ."

"టీవీ పెడితే ఇంకో కాలవకి గేటెత్తినట్టు."

"అంతే!"

"ఓరి దేవుడా! ఈ మాట ఆ రోజే అనుంటే ఆ షాపులోనే అడిగేవాణ్ణి కదమ్మా!"

ఆయన తప్పుపట్టలేదు, మామూలుగానే అన్నారు. నాకు మాత్రం చెంప ఛెళ్ళుమన్నట్టయింది. కాలవగట్ల మీంచి నడిచొచ్చే పిల్లలకి ముప్పై ఏళ్ళు ఈ పాఠం చెప్పాను. లిఫ్టులన్నాను, క్రేనులన్నాను, వాళ్ళెప్పుడూ చూడనివన్నీ అన్నాను. క్యూసెక్కు అన్న మాట ఒక్కసారీ అనలేదు. అయినా ఆ నిమిషంలో మహా సంతోషమేసింది, అబద్ధమెందుకు. నేను లేచి చేతులూపుతూ చెప్పేశాను, గేట్లు దించుకుంటూ పోతే నిలవ ఎక్కువసేపు వస్తుంది, అదే సూత్రం, దేనికైనా అదే సూత్రమని. అక్క దిండు మీంచి తల తిప్పి శ్రద్ధగా వింది. చిన్నప్పుడు నేను పద్యం అప్పజెప్తుంటే వినేది చూడండి, అలాగ.

తర్వాత లెక్క ఆయనే వేశారు. గంటన్నర మూడు గేట్లూ ఎత్తి ఉన్నాయి, మిగిలింది మహా అయితే రెండు గంటలు. ఊళ్ళో జనరేటరున్న ఆసుపత్రి ఉంది, గాలి ముదరకముందే అక్కని అక్కడికి చేర్చాలి. ఫోన్లు కలవడం లేదు. ఆటో మాట్లాడుకొస్తానని నేను బయల్దేరాను, కాగితాలూ బట్టలూ సర్దుతానని బావగారు లోపలి గదిలోకి వెళ్ళారు.

ఒక్క ఆటో లేదు. ఉన్నవన్నీ నాగాయలంక వైపు జనాన్ని తీసుకురావడానికి వెళ్ళాయట. సెంటర్లో కాలుగాలిన పిల్లిలా తిరిగాను. గాలి లేచింది, బ్యానర్లు చిరుగుతున్నాయి. ఎట్టకేలకి ఒకాయన కొట్టుకి షట్టరేసుకుంటూ, "ఎక్కండి అమ్మా, నా కార్లో దింపుతా," అన్నాడు. ఇంటికొచ్చేసరికి నలభై నిమిషాలు దాటింది. పర్లేదు, రెండు గంటలు ఉన్నాయిగా అనుకుంటూనే లోపలికొచ్చాను.

మెషీను గుర్రుమంటూనే ఉంది. అక్క కళ్ళు మూసుకుని ఉంది. పెదాలు నేరేడు పండు తిన్నట్టున్నాయి. వేలికి పెట్టే చిన్న మీటరు తగిలించాను. తొంభై దాటి ఉండాల్సింది డెబ్బై ఎనిమిది చూపించింది. గొట్టం మడతపడిందా? లేదు. ఊడిందా? లేదు. కిందికి వంగి చూద్దును కదా, గాజు గొట్టంలో బంతి అడుగున ఉంది. రెండు మీద ఉండాల్సింది అర దగ్గర.

"ఎవరు తిప్పారు? బావగారూ! ఎవరు తిప్పారిది?"

ఆయన పరుగున వచ్చి తెల్లమొహం వేశారు. అక్క కళ్ళు తెరిచింది. ఏదో ఘనకార్యం చేసినట్టు చిన్నగా నవ్వింది. "నేనేనే. గేటు కాస్త దించాను. నువ్వే చెప్పావుగా, దించితే ఎక్కువసేపొస్తుందని."

నాబ్ మళ్ళీ రెండుకి తిప్పాను. ఆ నాబ్ తగ్గిస్తే తగ్గేది అక్కకి అందే గాలి. లోపలి మోటారు తినేది అంతే తింటుంది, అర లీటరైనా రెండు లీటర్లైనా. ఆ సంగతి నాకు తెలుసు. చెప్పలేదు. సూత్రం దొరికిన సంబరంలో ఎక్కడిదాకా పనికొస్తుందో, ఎక్కడ పనికిరాదో చెప్పకుండా వీధిలోకి పరిగెత్తాను. షాపులో అతనికి నేను నేర్పిన సగం ముక్క ఒక తప్పు బేరం దాకానే వచ్చింది. ఇది మాత్రం అక్క ప్రాణం మీదికొచ్చింది. నలభై నిమిషాల పాటు ఆవిడ నా పాఠం పాటిస్తూ, ఊపిరందకపోయినా పిలవకుండా, ఓర్చుకుంటూ పడుకుంది.

షట్టరాయనా బావగారూ కలిసి ఎత్తి కార్లో కూర్చోబెట్టారు. మెషీను ఇంట్లోనే ఆగింది. ఆసుపత్రి ఐదు నిమిషాల దారి. ఆ ఐదు నిమిషాలూ అక్క చెయ్యి నా ఒళ్ళో పెట్టుకుని, మీటరు వంక చూడకుండా, కిటికీ వంక చూడకుండా, ఆవిడ ముక్కుపుడకనే చూస్తూ కూర్చున్నాను. కూర్చున్నానంటే నిజంగానే కదలకుండా కూర్చున్నాను.

అక్కడ గోడలోంచి వచ్చే ఆక్సిజన్ ఉంది, వెనక జనరేటరు మోగుతోంది. మాస్కు పెట్టిన పావుగంటకి పెదాలకి రంగొచ్చింది. డ్యూటీ డాక్టరు చిన్నవాడు, తుఫాను కేసులతో విసిగిపోయి ఉన్నాడు. కాగితాలు తిరగేసి, "ఇంట్లో రెండు లీటర్లు పెడుతున్నారా? రెండు పెడితే ఇంతలా పడిపోదే. ఎవరైనా తగ్గించారా?" అన్నాడు.

బావగారు అక్క వైపు చూశారు.

"నేనేనండి," అన్నాను. "బ్యాటరీ ఎక్కువసేపు వస్తుందని తగ్గించాను."

"నాబ్ తగ్గిస్తే బ్యాటరీ మిగలదమ్మా. మోటారు తినేది తింటూనే ఉంటుంది. ఆ మాత్రం తెలియనివాళ్ళు మెషీను ముట్టుకోకూడదు. ఇంకాసేపైతే ఏమయ్యేదో తెలుసా?"

"తెలుసండి," అన్నాను.

అక్క మాస్కు పక్కకి లాగింది. నర్సు వద్దంటున్నా వినలేదు. ఆయాసపడుతూనే, ఊరందరికీ చెప్పుకునేటప్పటి గర్వంతో, "అలా అనకండి బాబూ. మా చెల్లెలు ఫిజిక్స్ టీచరు. ఇవన్నీ దానికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు," అంది.